గోనె ఉతికిన నూకాలు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ మీద లాకులున్న ఊళ్ళో, నూకాలు అని ఒక చాకలావిడ ఉండేది. ఊఁ కొడుతూ విను. ఊఁ కొట్టకపోతే నువ్వు నిద్రపోయావో, దుప్పట్లో దూరి బెల్లంముక్క చప్పరిస్తున్నావో నాకెలా తెలుస్తుంది?

ఈ నూకాలుకి కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు. అచ్చం నీలాగే. కూర్చోవే తల్లీ అంటే లేచి గాడిదకి గడ్డి వేసేది. గడ్డి వేశావుగా, ఇక కూర్చో అంటే దండెం మీద బట్టలు తిరగేసేది. అన్నం కూడా గుమ్మంలో నిలబడే తినేది. ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ, తన అత్త పల్లాలమ్మా. మొగుడు గాలివానలో పడవ మీద పోయాడు, పాపం. ఆ సంగతి ఇప్పుడొద్దులే.

ఊళ్ళో ముప్పై ఇళ్ళు వాళ్ళ వాడుక. అంటే ఆ ముప్పై ఇళ్ళ బట్టలూ వీళ్ళే ఉతకాలి. ఆ ఇళ్ళవాళ్ళు పూటకి ఇంత అన్నం, ఇంత కూర పెడతారు. కోతలప్పుడు ఇంత ధాన్యం ఇస్తారు. పొలం అన్నా పుట్రా అన్నా వాళ్ళకి ఆ ముప్పై ఇళ్ళే.

తెల్లారగానే నూకాలు మూటలు గాడిద మీద వేసుకుని కాలవ రేవుకి వెళ్ళేది. బట్టల్ని చవుడు మట్టి కలిపిన నీళ్ళల్లో ముంచేది. ఆ తర్వాత బానలో పెట్టి ఆవిరికి ఉడికించేది. ఆ తర్వాత మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి, తడిబట్ట తలపైకి ఎత్తి బండ మీద కొట్టేది. ఇస్స్... ధబ్. ఇస్స్... ధబ్.

ఊరికి అదే గడియారం. చప్పుడు మొదలైతే ఆడవాళ్ళు కళ్ళాపి చల్లేవాళ్ళు. జోరందుకుంటే పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. చంటిపిల్లలు ఆ చప్పుడు వింటూనే ఉయ్యాల్లో నిద్రపోయేవాళ్ళు. వాళ్ళు నీకంటే బుద్ధిమంతులు.

అలా ఉండగా ఒకరోజు ఏమైందో తెలుసా? మునసబుగారింటి దుప్పటి ఒకటుంది. తడిస్తే దూడంత బరువు. దాన్ని నూకాలు తలపైకి ఎత్తింది. కుడి భుజంలో కలుక్కుమంది. దుప్పటి నీళ్ళల్లో పడిపోయింది. ఎడమచేత్తో దాన్ని గట్టుకి లాక్కుని, మళ్ళీ ఎత్తబోయింది. చెయ్యి భుజం దాటి లేవలేదు.

అప్పుడు నూకాలుకి గుండె జారిపోయింది. ఆ నొప్పి చివరికి ఎక్కడికి తీసుకెళ్తుందో ఆవిడకి తెలుసు మరి. రోజూ పొద్దున్నే అత్తకి తల దువ్వి కొప్పు పెట్టేది నూకాలే. నలభై ఏళ్ళు బండ మీద కొట్టీ కొట్టీ పల్లాలమ్మ చేతులు రెండూ గుండె దాటి పైకి లేచేవి కావు. అత్త చేతులు పోతే కోడలు ఉంది. కోడలి చేతులు పోతే ఎవరున్నారు?

మొదట ఆముదం కాచి మర్దనా చేసింది. తగ్గలేదు. ఆ తర్వాత వావిలాకు ఉడకబెట్టి కాపడం పెట్టింది. తగ్గలేదు. ఆ తర్వాత కట్లు కట్టే ఆయన దగ్గరికి వెళ్తే, వెదురు బద్దలు పెట్టి బిగించి, నెల్లాళ్ళు చెయ్యి కదపకు అన్నాడు. నూకాలుని చెయ్యి కదపొద్దు అనడమా! మర్నాడే కట్టు విప్పేసి రేవులో దిగింది.

కానీ చప్పుడు మునుపటిలా లేదు. ఇస్స్ అనేది గానీ ధబ్ అనేది కాదు. పంచెలు మాసినట్టే తిరిగొచ్చేవి. ఇళ్ళల్లో గొణుగుడు మొదలైంది. నూకాలు వెనక్కి తిరగ్గానే ఎవరో ఒకరు మూతి విరిచేవాళ్ళు.

అప్పుడు వెంకాయమ్మగారు కబురు పెట్టింది. ఆవిడ మునసబుగారి తల్లి. ఆవిడ ఔనంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా ఔను, కాదంటే కాదు. మూడు వారాల్లో అమ్మవారి జాతర, జాతరకి బట్టలు మల్లెపూలలా ఉండాలి, నీ వల్ల కాకపోతే చెప్పెయ్యి, కాలవ అవతలి ఊరి చాకళ్ళని పిలిపించుకుంటాం అంది. వాళ్ళు ఒకసారి వచ్చారంటే ముప్పై ఇళ్ళూ వాళ్ళవే. మరి ముసలి అత్తనేసుకుని నూకాలు ఎక్కడికి పోవాలి?

ఆ రోజు నుంచీ నూకాలు కాలుకాలిన పిల్లి అయిపోయింది. రేవుకీ ఇంటికీ, ఇంటికీ రేవుకీ తిరగడమే. నీళ్ళకని వెళ్ళి కడవ మర్చిపోయి వచ్చేది. కడవ కోసం వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడేది. ఆవిడ్ని చూసి గాడిదకి కూడా కంగారు పట్టుకుంది.

ఇంతలో లాకు సూపర్నెంటుగారికి బదిలీ అయింది. లాకులంటే తెలుసుగా? కాలవకి పెద్ద తలుపులు పెట్టి, నీళ్ళు ఆపి, పడవల్ని పైకి ఎక్కించి కిందికి దింపుతారు. ఆ లాకుల మీద పెద్ద ఉద్యోగి ఆయన. ఆయన సామానంతా పడవలోకి ఎక్కింది. ఒక్క మిషను మాత్రం పట్టలేదు.

ఏం మిషనో చెప్పనా? బట్టలుతికే మిషను. ఇప్పటివాటిలా మీట నొక్కితే గుర్రుమనేది కాదు. అప్పుడు కరెంటు ఎక్కడిది, నీ మొహం! నాలుగు కాళ్ళ మీద పెద్ద చెక్క తొట్టి. లోపల తలకిందులుగా వేలాడే బుల్లి పీట. పక్కన ఇనప పిడి. పిడి తిప్పితే ఆ పీట ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరిగి నీళ్ళల్లో బట్టల్ని కుదిపేస్తుంది. తొట్టి అంచున ఒకదాని మీద ఒకటి రెండు గుండ్రటి కర్రలు. వాటి మధ్య బట్ట దూర్చి ఇంకో పిడి తిప్పితే, గానుగలో చెరుకు నలిగినట్టు నీళ్ళన్నీ పిండుకుని బట్ట అవతలికి వచ్చేస్తుంది.

నూకాలు ఆయన బంగళా బట్టలు అప్పజెప్పడానికి వెళ్ళింది. సూపర్నెంటుగారి భార్య ఆమె చెయ్యి లేవకపోవడం చూసింది. చూసి, దగ్గరికి పిలిచి, పిడి ఎలా తిప్పాలో చూపించి, ఇది నువ్వు పట్టుకెళ్ళవే అంది. దీనికి చెయ్యి నడుం దాటి ఎత్తక్కర్లేదు అని కూడా అంది. ఆ మాట చెవిన పడగానే నూకాలుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లాకు కూలీలు నలుగురు దాన్ని కావిడి కర్రలకి కట్టి మోసుకొచ్చి రేవు పక్కనున్న నూకాలు పాకలో దింపారు.

అది చూసి పల్లాలమ్మ మండిపడింది. మన వంశంలో బండదెబ్బ తగలని బట్ట గడప దాటలేదు, దెబ్బ పడకుండా మైల ఎలా పోతుంది, ఊళ్ళో తలెత్తుకోనిస్తావా లేదా అని తిట్టింది. తిట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. మరి నూకాలు ఆగుతుందా? ఆగదు.

మొదటిసారి ఏం చేసిందీ? బట్టలు బానలో ఉడికించింది. అప్పుడు తొట్టిలో వేసి తిప్పింది. తిప్పుతుంటే భుజం సలిపింది గానీ ఓర్చుకునేంతే. బట్టలు తళతళలాడుతూ వచ్చాయి. నూకాలుకి ఎంత సంతోషమో! ఆరీ ఆరకముందే మడతలు పెట్టి పరుగున వెంకాయమ్మగారింటికి పట్టుకెళ్ళింది.

ఆవిడ మూట విప్పనైనా లేదు. ఇవాళ రేవులో చప్పుడేదే అని అడిగింది. నూకాలు మిషను సంగతి చెప్పింది. అప్పుడు ఆవిడ, మజ్జిగ చిలికినట్టు చిలికితే మురికి పోతుందటే, ఉతకని బట్టలు అంటగడతావా, తీసుకుపో అంది. ఆ మాట నూకాలు కంటే ముందే ఊరంతా తిరిగింది. ముప్పై ఇళ్ళల్లో ఒక్కళ్ళు కూడా మూట విప్పి చూడలేదు. చూస్తే తెల్లగా ఉన్నాయని ఒప్పుకోవాలి కదా!

రెండోసారి, కళ్ళతో చూస్తే నమ్ముతారని ముగ్గురు ఇల్లాళ్ళని బతిమాలి రేవుకి తీసుకొచ్చింది. వాళ్ళు చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నూకాలు గబగబా తిప్పింది. నీళ్ళు నల్లగా తిరిగాయి. నమ్మినట్టే తలలూపారు. ఆ తర్వాత ఒకావిడ, తొట్టిలో ముందు మా ఇంటి బట్టలే వెయ్యాలి అంది. ఇంకొకావిడ, మీ మురికినీళ్ళల్లో మావి మునగాలా అంది. మూడో ఆవిడ వాళ్ళిద్దర్నీ కలిపి తిట్టింది. బానలో అందరివీ కలిపి ఉడికిస్తే ఇన్నేళ్ళూ లేని పట్టింపు! ముగ్గురూ పోట్లాడుకుంటూ ఇళ్ళకి పోయారు.

జాతర పది రోజుల్లోకి వచ్చింది. ఒక సాయంత్రం నూకాలు రేవుకి వెళ్ళేసరికి అవతలి ఊరి చాకలి ఒకడు ఆవిడ బండ మీద కాలు పెట్టి, ఎత్తు సరిపోతుందా లేదా అని చూసుకుంటున్నాడు. నూకాల్ని చూసి దిగిపోయాడనుకో. నూకాలుకి మాత్రం ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. నిలబడలేకపోయింది, కూర్చోలేకపోయింది.

మూడోసారి ఏం చేసిందో చెప్తే నువ్వు నవ్వుతావు. నవ్వకూడదు, నవ్వితే నిద్ర ఎగిరిపోతుంది. మర్నాడు తెల్లారగానే ఒక పాత గోనెసంచి తీసింది. తడిపి మెలిపెట్టింది. ఎడమచేత్తో ఎత్తి బండ మీద కొట్టింది. ఇస్స్... ధబ్. ఊళ్ళో కళ్ళాపి మొదలైంది!

పది దెబ్బలు గోనెకి. అప్పుడు పాకలోకి పరుగు. ఇరవై తిప్పులు మిషనుకి. అప్పుడు మళ్ళీ బండ దగ్గరికి పరుగు. చప్పుడు ఆగకూడదు, బట్ట నానిపోకూడదు. పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఇదే పని. బండకీ పాకకీ మధ్య గడ్డి చచ్చిపోయి బాట పడింది. ఒంట్లో చెమట తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ బట్టలు తీసుకెళ్తే వెంకాయమ్మగారు చీర మడత విప్పి వెలుగులో పెట్టి చూసింది. పక్కింటావిడ్ని పిలిచి మరీ చూపించింది. "చూశావటే, బండ మీద ఉతికితే ఆ తెలుపే వేరు" అంది. నూకాలు పెదవి కొరుక్కుని, ఔనండి అమ్మగోరూ అని వచ్చేసింది. వీధి మలుపు తిరిగాక నవ్వింది. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. అబద్ధం ఎన్నాళ్ళు దాగుతుంది? దాగినా, ఎన్నాళ్ళు పరిగెత్తగలదు?

ఇక ఇంట్లో పల్లాలమ్మ సంగతి. నలభై ఏళ్ళు కొట్టిన మనిషికి చీర చప్పుడేదో, పంచె చప్పుడేదో, దుప్పటి చప్పుడేదో తెలీదా? ఏ ఇంటి బట్టే అది, గోనెలా మోగుతోంది అని కోడల్ని అడిగింది. మునసబుగారి జంపఖానా అత్తా అని నూకాలు చెప్పింది.

మర్నాడు పొద్దున అత్తకి కొప్పు పెడుతుంటే నూకాలు ఎడమచెయ్యి పట్టు తప్పింది. దువ్వెన జారి కింద పడింది. పల్లాలమ్మ వంగి దువ్వెన తీసి చేతికిచ్చింది. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడం నూకాలుకి తిట్లకంటే ఎక్కువ గుచ్చుకుంది.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. రేపు జాతర అనగా, ఊరందరి కొత్త చీరలూ, పట్టంచు పంచెలూ, అమ్మవారి దారిలో పరిచే తెల్లగుడ్డలూ, అన్నీ రేవులో ఉన్నాయి. సగం దండేల మీద ఆరుతున్నాయి, సగం తొట్టిలో ఉన్నాయి. నూకాలు పది దెబ్బలు కొట్టింది, ఇరవై తిప్పులు తిప్పింది. మళ్ళీ గోనె ఎత్తింది. ఈసారి ఎడమ భుజం కలుక్కుమంది.

గోనె చేతిలోంచి జారిపోయింది. నూకాలు బండ పక్కన కూలబడింది. గోనె తీద్దామంటే చెయ్యి రాలేదు. పారిపోదామంటే కాళ్ళు రాలేదు. రేవంతా నిశ్శబ్దం అయిపోయింది.

చప్పుడు సగంలో ఆగేసరికి ఊరికి కంగారు పట్టుకుంది. ఎసట్లో బియ్యం పోసినవాళ్ళు పోసినట్టే వదిలేసి వచ్చారు. కాలవలో పడిపోయిందేమో, పాము కరిచిందేమో అనుకుంటూ వచ్చారు. అందరికంటే ముందు వెంకాయమ్మగారు వచ్చింది. వచ్చి చూస్తే బండ మీద గోనెసంచి. పాకలో మిషను. దండెం మీద మల్లెపూలలాంటి బట్టలు.

ఆవిడ మొహం జేవురించింది. ఇన్నాళ్ళూ గోనె ఉతికి మమ్మల్ని వెర్రివాళ్ళని చేశావా, ఇప్పుడే అవతలి ఊరికి మనిషిని పంపుతాను అంది. తక్కినవాళ్ళు కూడా తలో మాటా అన్నారు. నూకాలు తల దించుకుని కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం. ముప్పై ఇళ్ళూ చేజారిపోయాయి, అత్త మొహం ఎలా చూడాలి అని ఏడ్చింది.

అప్పుడు గట్టు మీంచి కర్ర పోటేసుకుంటూ పల్లాలమ్మ దిగింది. మిషను పేరెత్తితే మండిపడే పల్లాలమ్మ. మిషనున్న పాకలో ఒక్కనాడూ అడుగుపెట్టని పల్లాలమ్మ. ఇక నాకు బయటా తిట్లే, ఇంటా తిట్లే అనుకుంది నూకాలు. ముసలావిడ వచ్చి కోడలికి అడ్డంగా నిలబడింది. దణ్ణం పెడదామని చేతులెత్తితే అవి గుండె దగ్గరే ఆగిపోయాయి. అక్కడే జోడించింది.

"అమ్మగోరూ, నలభై ఏళ్ళు మీకు ఆ చప్పుడు వినిపించింది నేనే. మీరేమో బండ చప్పుడనుకున్నారు. బండకేమవుద్ది, అది రాయి. అది నా భుజాలు ఇరిగే చప్పుడు. బట్టలు తెల్లగా ఉన్నాయో లేదో చూసుకోండి. చప్పుడు కూడా కావాలంటే నా చేతులు అయిపోయాయి. నా కోడలి చేతులు నేనివ్వను."

పల్లాలమ్మ పాకలోకి వెళ్ళింది. మిషను పిడి పట్టుకుంది. ఎప్పుడూ పట్టింది కాదు కదా, ముందు తప్పువైపు తిప్పింది. అది కిర్రుమని మొరాయించింది. అప్పుడు ఇటువైపు తిప్పింది. తొట్టిలో నీళ్ళు కదిలాయి. చెయ్యి నడుం దాటి లేవక్కర్లేదు కదా, ముసలావిడ మెల్లగా తిప్పుతూనే ఉంది. నూకాలు వెక్కివెక్కి ఏడ్చింది.

వెంకాయమ్మగారు దండెం దగ్గరికి వెళ్ళి తన చీర తీసింది. కొంగు మూల నూకాలు నల్లజీడి గింజ రసంతో పెట్టిన తమ ఇంటి గుర్తు చూసుకుంది. కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది, వాసన చూసింది. మడత పెట్టి చంకలో పెట్టుకుంది. గట్టు ఎక్కి, వెనక్కి తిరిగింది.

"జాతర అయ్యాక దుప్పట్లు పంపిస్తాను. ఆ గోనె మాత్రం ఇక ఉతక్కు, నూకాలూ" అంది.

అంతే. ఆవిడ వెళ్ళాక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి ఎవరి బట్టలు వాళ్ళు తీసుకున్నారు. ఒకావిడ పాకలో దూరి, పల్లాలమ్మని పక్కకి జరిపి తనే నాలుగు తిప్పులు తిప్పింది. సాయంత్రానికి ముప్పై ఇళ్ళ బట్టలూ ఇళ్ళకి చేరాయి. అవతలి ఊరికి ఎవరూ వెళ్ళలేదు.

జాతర రోజు పొద్దున్న రేవులో చప్పుడు లేదు. ఊరికి ఏమీ తోచలేదు. ఒకళ్ళు కళ్ళాపి మర్చిపోయారు, ఒకళ్ళు అన్నం మాడ్చారు. చంటిపిల్లలు నిద్రపోమని పేచీ పెట్టారు. వెంకాయమ్మగారు వీధిలోకొచ్చి, తెల్లారిందంటావా అని మూడుసార్లు అడిగిందట. అలవాటు పడడానికి ఊరికి చాలా రోజులు పట్టిందిలే.

నూకాలు సంగతా? అమ్మవారి ఊరేగింపు అయ్యాక ఇంటికొచ్చింది. గాడిదకి గడ్డి వెయ్యబోయింది, అత్త అప్పటికే వేసేసింది. బట్టలు తిరగెయ్యబోయింది, దండెం ఖాళీగా ఉంది. చేసేదేమీ లేక చాప మీద కూర్చుంది. కూర్చున్నది కాస్తా ఒరిగింది. ఒరిగి, మిట్టమధ్యాహ్నం, జాతర డప్పుల మోతలో నిద్రపోయింది. పల్లాలమ్మ కోళ్ళని అదిలించి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. చెయ్యి పైకి లేవదు కదా, అందినంతలోనే విసిరింది.

అంతలో ఎవరో పిల్ల మూట తెచ్చి, నూకాలేదీ అని గుమ్మంలోంచి కేకేసింది. పల్లాలమ్మ నోటి మీద వేలేసుకుని, నా కోడలు నిద్రపోతోంది, రేపు రా అంది.

నువ్వు కూడా కాళ్ళాడించకు. ఊఁ అన్నావా? అన్లేదు. సరే.

ఆరిన చీర పెట్టెలోకి, అలిసిన గాడిద మేతకి,
తిప్పిన చెయ్యి నిద్దరకి, తిక్క పిల్ల దుప్పట్లోకి,
కథేమో నడిచి కంచికి, మనమేమో మెల్లగా ఇంటికి.